మోటారు కాలింది... ఖర్చు తడిసి మోపెడైంది!

వేసవిలో ఓ ఆదివారం. తెల్లవారి ఐదున్నర. రాంనగర్‌లో పది ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. చేపల మార్కెట్ వైపు వెళ్లే ఆటోల చప్పుడు అప్పుడే మొదలైంది. వాచ్‌మన్ మెట్ల కిందికెళ్లి బోరు మోటారు స్విచ్చి వేశాడు. ప్యానెల్ బోర్డులో ‘టక్’మంది. ఆంపియర్ల ముల్లు ఒక్కసారి పైకి లేచి పడిపోయింది. మళ్లీ వేశాడు. మళ్లీ అంతే. మూడోసారి ఏదో మాడిన వాసన!

ఏడు గంటలకల్లా పై అంతస్తులోంచి కేక. ‘‘నీళ్లు రావట్లేదేంటయ్యా?’’

‘‘మోటరు నడుస్తలేదు సార్. కాలినట్టుంది.’’

తొమ్మిదింటికి మెట్ల దగ్గర సమావేశం. సగం స్నానాలతో కొందరు, అసలు స్నానమే లేకుండా ఇంకొందరు. ‘మొన్న దసరాకేగా చుట్టించాం?’ అని ఒకరు. ‘అప్పుడే కొత్తది కొనమన్నాను, ఎవరు విన్నారు?’ అని మరొకరు. ‘మేం అద్దెకున్నవాళ్లం, మాకేం సంబంధం?’ అని ఇంకొకరు. చివరికి అందరి నోటా ఒకటే ప్రశ్న. ‘ఇంతకీ ఎంతవుతుంది?’

ఇది ఏ ఒక్క భవనం కథో కాదు. రాంనగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్... ఏ సందులోకి వెళ్లినా ఏదో ఒక వేసవిలో ఈ సమావేశం జరిగే ఉంటుంది. అందరూ ‘ఎంతవుతుంది’ అనే అడుగుతారు. ‘ఎందుకు కాలింది’ అని అడిగేవాళ్లు తక్కువ. ఖర్చు తడిసి మోపెడయ్యేది సరిగ్గా అక్కడే.

వాలున వచ్చిన నీళ్లు... పంపులెక్కాయి

ఒకప్పుడు ఈ నగరానికి నీళ్లు తేవడానికి మోటారు అవసరమే లేదు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920కి పూర్తయింది. ఆ గండిపేట నీళ్లు భూమి వాలునే జారుతూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్‌బెడ్‌లకు చేరేవి. జనం పెరిగారు, నగరం పెరిగింది, నీళ్లు దూరమయ్యాయి. 2004లో కృష్ణా జలాలు, 2015లో గోదావరి జలాలు నగరానికొచ్చాయి. రెండూ వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, దారిపొడవునా పంపుల మీద పంపులెక్కి రావాల్సిందే. మన సంపులోని మోటారు ఆ వరుసలో ఆఖరిది, అంతే.

మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలన్నది పట్టణాలకు వేసుకునే లెక్క. పది ఫ్లాట్లలో నలభైమంది ఉంటే రోజుకు 5,400 లీటర్లు. అంటే ఇంచుమించు ఒక ట్యాంకరు! హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది. పది ఫ్లాట్లకూ వర్తిస్తే నెలకు రెండు లక్షల లీటర్లు. ఆ ఇంటి అవసరమేమో లక్షా 62 వేలు. కాగితం మీద సరిపోయినట్టే. కానీ నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చినా కాసేపే. ఆ కాసేపట్లో సంపు నిండకపోతే మిగతాది బోరే తీర్చాలి. ఇక అశోక్‌నగర్, చిక్కడపల్లిలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టళ్లున్న భవనాల సంగతి చెప్పేదేముంది! నాలుగు కుటుంబాల కోసం కట్టిన ఇంట్లో యాభైమంది ఉంటే మోటారు కూడా అన్ని రెట్లు పనిచేయాలి మరి.

కాలిందా... అలిగిందా?

మోటారు తిరగనంత మాత్రాన కాలిపోయినట్టు కాదు. మెకానిక్ రాగానే పైపులు పీకడం మొదలుపెడితే ఒక్క నిమిషం ఆపాల్సిందే. ముందు చూడాల్సింది బోరులో కాదు, గోడకున్న ప్యానెల్ బోర్డులో.

సింగిల్ ఫేజ్ మోటారు గుయ్‌మని మూలుగుతూ తిరగకపోతే కెపాసిటర్ పోయి ఉండొచ్చు. మన దగ్గర చాలామంది ‘కండెన్సర్’ అనేది దాన్నే. కొన్ని వందల రూపాయలతో పోయే పని. త్రీఫేజ్ అయితే మూడు ఫేజుల్లో ఒకటి రాకపోయినా ఇదే తంతు. ఫ్యూజు పోవడం, స్టార్టర్‌లో కాంటాక్టులు మాడిపోవడం, కేబుల్ జాయింట్‌లోకి నీరు చేరడం... ఇవన్నీ మోటారు కాలినట్టు భ్రమపెట్టేవే.

నిజంగా కాలిందో లేదో తేల్చేది మెగ్గర్ అనే చిన్న పరికరం. వైండింగ్‌కూ భూమికీ మధ్య ఇన్సులేషన్ ఎంత మిగిలిందో అది చెబుతుంది. పది నిమిషాల పని. ఆ పరీక్ష చేయకుండానే 400 అడుగుల బోరులోంచి మోటారును బయటికి తీయించి, ‘మోటారు బాగానే ఉందండీ, కేబుల్ పోయింది’ అనిపించుకున్న అపార్ట్‌మెంట్లు ఎన్నో! మోటారు బాగున్నా తీత కూలి, దింపుడు కూలి మాత్రం ఇచ్చుకోవాల్సిందే.

చుట్టించాలా? కొత్తది కొనాలా?

సరే, మెగ్గర్ కూడా కాలిందనే చెప్పింది. ఇప్పుడు అసలు పంచాయితీ. చుట్టిస్తే సరిపోతుందా? కొత్తది కొనాలా?

ఓ లెక్క వేసుకుందాం. 400 అడుగుల బోరు. 360 అడుగుల దగ్గర 3 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు. ఒక్కో పైపు 20 అడుగులనుకుంటే 18 పైపులు విప్పాలి, మళ్లీ బిగించాలి. ఆ తీత, దింపుడు కూలి రూ.6 వేలనుకుందాం. వైండింగ్‌కు రూ.7 వేలు. కేబుల్ జాయింటు, చిల్లర సామాను మరో వెయ్యి. మొత్తం రూ.14 వేలు. ఫ్లాటుకు రూ.1,400.

అదే కొత్త పంపుసెట్ అయితే? మోటారు, పంపు కలిపి రూ.30 వేలు. కూలి అదే ఆరువేలు. కొత్త జాయింట్లు, క్లాంపులు, ఇతర సామానుకు రెండువేలు. మొత్తం రూ.38 వేలు. ఫ్లాటుకు రూ.3,800. బ్రాండును, బోరు లోతును, మోటారు సైజును బట్టి ఈ అంకెలు అటూఇటూ అవుతాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

పై రెండు అంకెలూ చూస్తే చుట్టించడమే లాభమనిపిస్తుంది. తేడా 24 వేలు మరి! కానీ చుట్టించిన మోటారు ఆరు నెలలకే మళ్లీ కాలితే? ఇంకో ఆరు నెలలకు మళ్లీ కాలితే? మూడుసార్లకు రూ.42 వేలు. అంటే కొత్తది వచ్చి, ఇంకా నాలుగువేలు మిగిలేవి. కారణం వెతక్కుండా చుట్టించిన ప్రతిచోటా జరిగేది ఇదే.

చుట్టుడు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే మేలన్నది చాలామంది పాటించే లెక్క. పంపు భాగంలో బుష్‌లు, ఇంపెల్లర్లు అరిగిపోయినా, అంతకుముందే రెండుసార్లు చుట్టించి ఉన్నా చుట్టుడుకు మళ్లీ డబ్బు పోయడం దండగ. మోటారు వయసు మూడు నాలుగేళ్లే అయి, వైండింగ్ ఒక్కటే పోయి ఉంటే మాత్రం మంచి పనివాడి చేత చుట్టించుకోవచ్చు.

ఇక్కడా ఒక తిరకాసుంది. సంపు దగ్గర పైన కూర్చునే మోనోబ్లాక్ మోటారు వైండింగ్‌కు వార్నిష్ పట్టించి ఉంటుంది. పాత తీగ ఊడిరావడానికి కొందరు దాన్ని మంటపెట్టి కాలుస్తారు. వేడి ఎక్కువైతే లోపలి ఇనుప రేకుల మధ్య ఉండే పూత దెబ్బతింటుంది. ఆ తర్వాత మోటారు తిరుగుతుంది గానీ, అదే పనికి ఎక్కువ కరెంటు తాగుతుంది, త్వరగా వేడెక్కుతుంది. చుట్టించేటప్పుడు అడగాల్సినవి మూడు. తీగ రాగిదేనా? గేజు, చుట్లు పాతవాటితో సమానంగా ఉన్నాయా? పాత రాగి విలువను బిల్లులో తగ్గించారా? మాడిన రాగికి కూడా పాత సామాను కొట్లో మంచి ధరే పలుకుతుంది.

రాగి పెంచిన రేటు

‘పదేళ్ల కిందట ఇంతలేదే!’ అన్నది ప్రతి సమావేశంలో వినిపించే మాట. నిజమే. మోటారు ధరలో పెద్ద వాటా రాగిది. ప్రపంచ మార్కెట్‌లో 2003లో టన్ను రాగి సగటున 1,800 డాలర్ల లోపే. 2024 మే నెలలో అది 11 వేల డాలర్లు దాటింది. ఆ పోటు చిన్న సందులోని వైండింగ్ షాపు దాకా తగిలింది. దానికితోడు నీటి పంపుల మీద 12 శాతం ఉన్న జీఎస్టీ 2022 జులై 18 నుంచి 18 శాతమైంది.

కొత్త మోటారు కొనాలంటే ఇక్కడివాళ్లు ఎక్కువగా వెళ్లేది సికింద్రాబాద్ రాణీగంజ్‌కే. అక్కడి కొట్లలో మోటార్ల మీద పేర్లు చదివితే చాలావాటి చిరునామా ఒకటే... కోయంబత్తూరు! దాని వెనక మనవాళ్ల కథ ఉంది. కోయంబత్తూరు దగ్గరి కలంగళ్‌లో 1893లో తెలుగు మూలాలున్న రైతు కుటుంబంలో పుట్టిన జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో ఒక విద్యుత్ మోటారు తయారుచేశారు. దేశంలోనే తొలి స్వదేశీ మోటారుగా దాన్ని చెప్పుకొంటారు. కోయంబత్తూరు తర్వాతి కాలంలో పంపుల పట్టణంగా ఎదిగింది.

బ్రాండు ఏదైనా సరే, చూడాల్సింది ఐఎస్‌ఐ గుర్తు. సబ్‌మెర్సిబుల్ పంపుసెట్లకు ఐఎస్ 8034, మోనోబ్లాక్‌లకు ఐఎస్ 9079 అన్న అంకెలుంటాయి. హెచ్‌పీ ఒక్కటే చూసి కొంటే పప్పులో కాలేసినట్టే. ఎన్ని అడుగుల ఎత్తుకు, నిమిషానికి ఎన్ని లీటర్లు తోస్తుందో నేమ్‌ప్లేటు మీద రాసి ఉంటుంది. మన బోరు లోతుకూ ట్యాంకు ఎత్తుకూ అది సరిపోవాలి.

అసలు బిల్లు మీటరులో ఉంది

ఫ్లాటుకు మూడువేల ఎనిమిది వందలా అని గుండె పట్టుకునేవాళ్లు కామన్ మీటరు బిల్లు కేసి ఒకసారి చూడాలి. 3 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు గంటకు సుమారు 3 యూనిట్లు లాగుతుంది. రోజుకు మూడు గంటలు నడిస్తే 9 యూనిట్లు. నెలకు 270. యూనిట్ పది రూపాయలనుకుంటే నెలకు రూ.2,700. ఏడాదికి రూ.32,400!

అంటే ఒక్క ఏడాది కరెంటు ఖర్చు కొత్త పంపుసెట్ ధరను మించిపోతోంది. బుష్‌లు అరిగిన పాత పంపు అదే నీళ్లు తోడటానికి రోజూ ఇంకో గంట ఎక్కువ తీసుకుందనుకోండి. ఏడాదికి రూ.10,800 అదనం. చుట్టించి మిగుల్చుకున్నామనుకున్న 24 వేలను రెండేళ్లలో దాదాపుగా మీటరు మింగేస్తుంది.

రాంనగర్‌లో అమ్మానాన్నలు బోరు మోటారుతో కుస్తీపడుతుంటే, డాలస్‌లో స్థిరపడ్డ కొడుకు ఇంటి వెనకున్న ఈతకొలను మోటారుతో తంటాలు పడుతుంటాడు. అక్కడా లెక్క ఇదే. నీళ్లు పాచిపట్టకుండా ఫిల్టరు గుండా తిప్పే ఆ మోటారు రోజూ గంటల తరబడి నడవాలి. అందుకే అమెరికా ప్రభుత్వం 2021 జులై నుంచి కొలను పంపులకు పొదుపు ప్రమాణాలు తెచ్చింది. దాంతో వేగం తగ్గించుకుని నడపగలిగే రకాలు అక్కడ మామూలయ్యాయి. వేగం సగానికి తగ్గితే అది లాగే కరెంటు, సిద్ధాంతం ప్రకారం, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అలాగని మన బోరు మోటారుకు అదే చిట్కా పనికిరాదు. కొలనులో నీళ్లు ఉన్నచోటే తిరుగుతాయి. మనవి మూడు నాలుగు వందల అడుగులు ఎక్కాలి. వేగం మరీ తగ్గితే నీళ్లు పైదాకా రానే రావు. నేర్చుకోవాల్సింది మాత్రం ఒకటుంది. కొనేరోజు ధర కన్నా, నడిపే ఏళ్ల ఖర్చే పెద్దది.

ఎందుకు కాలింది?

మోటారు ఊరికే కాలదు. దాన్ని కాల్చే శత్రువులు కొందరున్నారు.

మొదటిది నీళ్లు లేకపోవడం. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే. హైదరాబాద్ కింద ఉన్నది గట్టి గ్రానైట్ రాయి. అందులో నీళ్లుండేది పగుళ్లలోనే. వేసవిలో ఆ పగుళ్లు ఎండితే మోటారు గాలిని తోడుతుంది. మెకానిక్కులు ‘డ్రై రన్’ అనేది దీన్నే. లోపలి బుష్‌లు నీళ్లతోనే నునుపుగా తిరుగుతాయి కాబట్టి అవీ అరిగిపోతాయి. రెండోది ఓల్టేజీ. అది తగ్గేకొద్దీ మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. మూడోది మాటిమాటికీ ఆన్, ఆఫ్ చేయడం. మొదలయ్యే క్షణాన మోటారు మామూలు కన్నా ఐదారు రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. పావుగంటకోసారి ఆపి వేస్తుంటే ప్రతిసారీ ఆ దెబ్బ వైండింగ్‌కు తగలాల్సిందే. నాలుగోది బోరు అడుగున చేరే ఒండు. మోటారు అందులో కూరుకుపోతే చుట్టూ నీళ్లు కదలవు.

నీళ్లు తగ్గాయనగానే చాలా అపార్ట్‌మెంట్లు చేసే పొరపాటు ఒకటుంది. ‘మూడు హెచ్‌పీ చాలట్లేదు, ఐదు హెచ్‌పీ వేసేద్దాం!’ బోరులో ఊట గంటకు వెయ్యి లీటర్లే అయితే ఎంత పెద్ద మోటారు వేసినా అంతకు మించి రావు. పెద్ద మోటారు ఉన్న నీళ్లను చిటికెలో తోడేసి, మిగతా సమయమంతా ఉత్తిగా తిరిగి ఇంకా త్వరగా కాలుతుంది. ముందు ఊట ఎంతో కొలిపించాలి. నీటిమట్టం ఎక్కడుందో చూడాలి. అవసరమైతే చిన్న మోటారే వేసి, విడతలుగా నడపాలి. నీళ్లు తగ్గితే దానంతటదే ఆగిపోయే డ్రై రన్ రక్షణ, ఫేజు పోతే ఆపేసే ప్రివెంటర్ ప్యానెల్‌లో పెట్టించుకోవాలి. వీటి ఖర్చు కొన్ని వేలలోపే. ఒక్కసారి కాలితే అయ్యే ఖర్చు ముందు అదెంత? మేడ మీది వాననీళ్లు డ్రైనేజీ పాలు కాకుండా ఇంకుడుగుంతకు మళ్లిస్తే ఆ బోరుకూ కాస్త ఊపిరి.

ఇంకో దురలవాటు నల్లా పైపుకే మోటారు బిగించడం. మన ఇంటికి నీళ్లు లాగితే పక్కింటికి ప్రెషర్ పోతుంది. పైపులో పగుళ్లుంటే మురుగునూ లాగేసుకుంటుంది. 2025 ఏప్రిల్ 15 నుంచి జలమండలి దీనిమీద ప్రత్యేక తనిఖీలు మొదలుపెట్టింది. దొరికితే మోటారు స్వాధీనం, రూ.5 వేలు జరిమానా!

ఎవరి వాటా ఎంత?

డబ్బు లెక్క తేలినా మనసుల లెక్క తేలదు. కింది ఫ్లాటువాళ్లు ‘మాకు నల్లా నీళ్లే చాలు’ అంటారు. తాళం వేసి అమెరికా వెళ్లినవాళ్లు ఫోనెత్తరు. పింఛను మీద బతికే పెద్దాయనకు ఒకటో తారీఖు దాకా ఆగమనాలనుంటుంది గానీ, పదిమందిలో చెప్పుకోలేడు. అద్దెకున్న అమ్మాయి ఇస్తానన్నా, ఇవ్వాల్సింది ఆమేనా అన్నది తేలదు. ఈ మధ్యలో మాట పడేది వాచ్‌మన్. ‘నువ్వు ఆపడం మరిచిపోయావు కాబట్టే కాలింది’ అని!

సంఘం సరిగ్గా నడిచేచోట దీనికి సులువైన పద్ధతే ఉంది. కెపాసిటర్, ఫ్యూజు, స్టార్టర్ లాంటి రోజువారీ రిపేర్లు నెల మెయింటెనెన్స్ లోంచి పోతాయి. కొత్త మోటారు ఆస్తి కాబట్టి అది యజమాని వాటా. ఫ్లాటుకు నెలకు వంద రూపాయలు విడిగా దాస్తే పది ఫ్లాట్లకు ఏడాదికి రూ.12 వేలు. మూడేళ్లకు రూ.36 వేలు. మోటారు కాలిన రోజున ఎవరి ఇంటి తలుపూ తట్టక్కర్లేదు.

లేదంటే ఏమవుతుంది? ‘నువ్వా నేనా’ అని వారం గడుస్తుంది. రోజుకో ట్యాంకరు తెప్పించాల్సి వస్తుంది. జలమండలి ట్యాంకరు దొరికితే సరే. వేసవిలో ప్రైవేటు ట్యాంకరైతే చెప్పిందే ధర. ఎవరూ లెక్కలో వేసుకోని ఆ వారం ఖర్చు ఒక్కోసారి వైండింగ్ ఖర్చుతో సమానమైపోతుంది.

మోటారు పైకి తీసేముందు...

* మెయిన్ ఆపాకే ప్యానెల్ మీద చెయ్యి వేయండి. తడి చేతులతో, తడి నేల మీద నిలబడి మోటారు ముట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఎర్తింగ్, ఈఎల్‌సీబీ తప్పనిసరి.

* మూసి ఉంచిన సంపులోకి ఒక్కరే, ఉన్నట్టుండి దిగొద్దు. లోపల ప్రాణవాయువు తక్కువగా ఉండొచ్చు.

* కెపాసిటర్, ఫేజులు, స్టార్టర్ చూశాక, మెగ్గర్ పరీక్ష చేశాకే పైపులు విప్పనివ్వండి.

* కూలి ఎంత, వైండింగ్ ఎంత, సామాను ఎంత... విడివిడిగా రాయించుకోండి. వారంటీ ఎన్నాళ్లో బిల్లు మీదే ఉండాలి.

* మోటారు పైకి వచ్చినప్పుడే పైపుల తుప్పు, కేబుల్ పగుళ్లు చూసుకోండి. రెండోసారి తీయిస్తే కూలి రెండింతలు.

* కాలిన మోటారును విప్పేటప్పుడు ఒకరు దగ్గరుండండి. బుష్‌లు అరిగాయా, ఒండు పట్టిందా, ఒక్క ఫేజు తీగే మాడిందా అన్నది చూస్తే కారణం అక్కడే తెలుస్తుంది.

మళ్లీ రాంనగర్ మెట్ల దగ్గరికే వద్దాం. మూడోరోజు సాయంత్రానికి మోటారు దిగింది. ముందు కాసేపు ఎర్రటి బురదనీళ్లు, తర్వాత తేట నీళ్లు. పై అంతస్తు కుళాయి బుసకొట్టి నీళ్లు వదిలింది. అందరూ ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లిపోయారు.

వెళ్లేముందు చేయాల్సిన పని ఒకటి మిగిలే ఉంది. ప్యానెల్ బోర్డు పక్కన గోడ మీద సుద్దముక్కతో నాలుగు మాటలు. ఏ తేదీన దించారు, ఎన్ని అడుగుల్లో పెట్టారు, ఎన్ని హెచ్‌పీ, నీళ్లు నిండుగా వస్తున్నప్పుడు ఎన్ని ఆంపియర్లు చూపిస్తోంది. రేపు ఆ ముల్లు రాసినదానికన్నా పైకి పోతున్నా, బాగా కిందికి పడిపోతున్నా మోటారుకు ఏదో అయిందని అర్థం. అప్పుడే ఆపేస్తే పోయేది వందల్లో. చూసీచూడనట్టు వదిలేస్తే మాత్రం మెట్ల దగ్గర మరో సమావేశం తప్పదు!